ఉప్పు కొఠారు మూడో అంతస్తు

మా పురపాలక సంఘం అధికారులకు కళ్ళు కనపడవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళందరి కళ్ళూ పరీక్ష చేసింది నేనే. కమిషనరు పరాంకుశం గారు గోడమీది అట్టలో చిట్టచివరి వరుస దాకా తడుముకోకుండా చదువుతారు. టౌన్ ప్లానింగ్ అధికారి విశ్వంభరం గారికి దగ్గరచూపు కాస్త తగ్గితే అద్దాలు ఇచ్చాను. ఇప్పుడాయనకు చీమ మీసాలు కూడా కనపడతాయి. కాబట్టి ఉప్పు కొఠారు విషయంలో కళ్ళ తప్పు గానీ, కళ్ళజోళ్ళ తప్పు గానీ ఇసుమంత కూడా లేదని ముందే మనవి చేస్తున్నాను. నా వ్యాపారం నాకు ముఖ్యం.

నా దుకాణం సుంకంవారి వీధిలో, పాత ఉప్పు కొఠారుకు సరిగ్గా ఎదురుగా ఉంది. మా రేవుకు ఓడలు వచ్చే రోజుల్లో ఉప్పు దాచడానికి కట్టిన కట్టడం అది. వీధి వైపు డంగుసున్నపు మేడ, రెండంతస్తులు. దాని వీపుకు ఆనుకుని అసలు కొఠారు, మేడకు రెట్టింపు ఎత్తు. వీధిలో నిలబడి చూస్తే మేడ కప్పు మీదుగా ఆ కొఠారు గోడ బోడిగా కనిపించేది. కిటికీ లేదు, గవాక్షం లేదు. ఉప్పు పోయింది, ఓడలు పోయాయి, కట్టడం పురపాలక సంఘం చేతికి వచ్చింది. వాళ్ళు కింది గదులు అద్దెకిచ్చారు. ఒక్కొక్కరే ఖాళీ చేయగా చివరికి మూలగదిలో నూకరత్నం ఒక్కతే మిగిలింది.

నూకరత్నం కేరేజీలు కడుతుంది. రేవు ఆఫీసుకు, బ్యాంకుకు, పురపాలక సంఘానికి మధ్యాహ్నం భోజనం ఆవిడ చేతిదే. ఆ మూలగదిలో పూర్వం ఆవిడ అత్తగారు వండేది. అత్తా, మొగుడూ పోయాక గదీ, పొయ్యీ ఈవిడకి మిగిలాయి. వండేది పెద్ద వంటలేం కావు. పప్పు, ఒక కూర, పులుసు, పెరుగు. కానీ ఆ పులుసు వాసన పురపాలక సంఘం వరండా ఎక్కేసరికి ఫైళ్ళు వాటంతట అవే మూసుకునేవి. ఆవిడకి ఇల్లూ ఆ గదే, బతుకుతెరువూ ఆ గదే. దాన్ని తీసేస్తే పట్నంలో తల దాచుకోవడానికి ఆవిడకి ఇంకో చోటు లేదు.

ఇలా ఉండగా పరాంకుశం గారు పైదేశాలకు అధ్యయన యాత్రకు వెళ్ళొచ్చారు. అక్కడెక్కడో మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీ ఒకటి చూశారట. లోపలి గదుల్లో చిత్రకారులు, శిల్పులు. బయట గోడలనిండా బొమ్మలు. ఆ బొమ్మల కింద కూచుని కాఫీ తాగే జనం. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఆయన పెళ్ళిచూపులకు వెళ్ళినవాడిలా ఊళ్ళో పాత కట్టడాలన్నిటినీ ఎగాదిగా చూడటం మొదలుపెట్టారు. చివరికి ఉప్పు కొఠారు నచ్చింది. దానికి ‘కళా కొఠారు’ అని పేరు పెట్టారు. డబ్బిస్తామని ఢిల్లీలోని ఒక దాతృ సంస్థ ముందుకొచ్చింది. వాళ్ళది ఒకటే షరతు. అక్కడ బతుకుతున్నవాళ్ళను బయటికి గెంటకూడదు. గది తీసుకుంటే అదే భవనంలో మరో గది చూపించాలి. ఆ షరతు వినగానే మంచివాళ్ళే అనుకున్నాను. ఇప్పటికీ అదే అభిప్రాయం.

ముందుగా గోడ బొమ్మ పని మొదలైంది. రాజధాని నుంచి ఉద్భవ్ అనే చిత్రకారుణ్ణి పిలిపించారు. పిలక, చెవిపోగు, రంగుల మరకల లాగు. మనిషి మాత్రం బుద్ధిమంతుడు. నూకరత్నం చేతి అన్నం తింటూ, పరంజా మీద వేలాడుతూ, కొఠారు బోడి గోడ మీద రెండంతస్తుల ఇల్లు వేశాడు. మేడ మీద మేడ ఉన్నట్టే ఉంటుంది. వసారాలు, కటకటాలు, పంజరంలో చిలక, గుమ్మంలో పిల్లి, ఒక నీలం కిటికీ, ఆ కిటికీ ముందు దండెం మీద ఆరేసిన ఆకుపచ్చ చీర. కాకులు కొన్నాళ్ళు ఆ దండెం మీద వాలబోయి కిందపడ్డాయి. తరవాత వాటికి అర్థమైంది.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పాలి. అంతకుముందు ఇంటిపన్ను కొలతలకు వెళ్ళిన ఉద్యోగులు ఇళ్ళకన్నా ఇంటివాళ్ళ జేబులు శ్రద్ధగా కొలిచారని పెద్ద గొడవైంది. దాంతో పైవాళ్ళు కొలతల పని కెమెరాకు అప్పగించారు. కెమెరా బిగించిన కారు వీధివీధీ తిరిగి ఇళ్ళ ముఖాలు ఫోటో తీస్తుంది. యంత్రం ఆ ఫోటోల్లో తలుపులు, కిటికీలు లెక్కపెట్టి, ఏ ఇంటికి ఎన్ని అంతస్తులో తేలుస్తుంది. దీని పేరు ముఖచిత్ర సర్వే. ఈ సర్వేలో తేలినదాన్ని సరిచూసే నెపంతో ఏ అధికారీ స్వయంగా వెళ్ళి చూడరాదు. చూసినట్టు రుజువైతే సస్పెన్షను. అవినీతి అంతా చూడటం దగ్గరే మొదలవుతోందని పైవాళ్ళు కనిపెట్టి, చూపును రద్దు చేశారన్నమాట.

ఉద్భవ్ పరంజా విప్పిన మర్నాడే కెమెరా కారు మా వీధికి వచ్చింది. ఉప్పు కొఠారు రికార్డుల్లో నాలుగంతస్తుల భవనమైంది.

అనుమతి లేకుండా రెండంతస్తులు లేపినందుకు విశ్వంభరం గారు యజమానికి నోటీసు పంపారు. యజమాని పురపాలక సంఘం కనుక నోటీసు కమిషనరు గారి బల్ల మీదికి చేరింది. కమిషనరు గారు సంజాయిషీ రాసి, దాన్ని తామే అందుకుని, అది తృప్తికరంగా లేదని తమను తాము మందలించుకుని, అపరాధ రుసుము కట్టి రసీదు తీసుకున్నారు. ఆ సాయంత్రానికి రెండంతస్తులూ సక్రమమైపోయాయి. మా ఊళ్ళో గాలివానకు కూలే అక్రమ కట్టడాలు చాలా ఉన్నాయి. వానకు వెలిసిపోయే సక్రమ కట్టడం మాత్రం అదొక్కటే.

అప్పటిదాకా నాకిదంతా మంచి కాలక్షేపంగానే ఉంది. ఒకరోజు నూకరత్నం చేతిలో కాగితంతో దుకాణం మెట్లెక్కింది. ఉత్తర్వు. చదవమంది. శిల్పుల పనిగది కోసం ఆవిడ మూలగది కావలసి వచ్చిందట. “సదరు శ్రీమతి నూకరత్నం గారికి అదే భవనం మూడో అంతస్తులో నీలం కిటికీ, వసారా, ధారాళమైన గాలి, వెలుతురు కలిగిన వంటగదితో కూడిన నివాసమును కేటాయించడమైనది. ప్రస్తుతపు గదికన్న ఇది అన్నివిధముల మెరుగైనదని సర్వేలో తేలినందున లబ్ధిదారు అభ్యంతరములు స్వీకరింపబడవు.”

చదివాను. మళ్ళీ చదివాను. ఇద్దరం గుమ్మంలో నిలబడి ఎదురుగా పైకి చూశాం.

“ఆ చీర నాదేనండి, అన్నయ్యగారూ,” అంది నూకరత్నం. “నేను ఆరేసుకున్నది చూసి ఆ కుర్రాడు వేశాడు. నా చీర పైకెళ్ళింది బాగానే ఉంది. నేనెలా వెళ్ళాలండి?”

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మొహం చూశాక ఆ నవ్వు లోపలికి పోయింది. దుకాణం మూసి ఇద్దరం పురపాలక సంఘానికి వెళ్ళాం.

మేం వెళ్ళేసరికి విశ్వంభరం గారు భోజనం చేస్తున్నారు. ఆవిడ కట్టిన కేరేజీయే. అన్నంలో పులుసు కలుపుకుంటూ, కూచోమని కళ్ళతో సైగ చేశారు. నూకరత్నం కూచోలేదు.

“అది బొమ్మండి,” అంది.

“ఏది?”

“నాకిచ్చిన గదండి. గోడమీద రంగులేసిన బొమ్మండి అది.”

ఆయన ముద్ద మింగి, ఎడంచేత్తో ఫైలు దగ్గరికి లాక్కున్నారు. “నీకెలా తెలుసు?”

“చూశానండి.”

“నువ్వు చూడొచ్చు. ప్రజలు ఎంతసేపైనా చూడొచ్చు, దానికి అడ్డులేదు. కానీ ప్రజలు చూసింది రికార్డుకెక్కదు. రికార్డుకెక్కాలంటే అధికారి చూడాలి. అధికారి చూడకూడదు.”

ఆయన రోజూ ఆ గోడ పక్కనుంచే స్కూటరు మీద ఆఫీసుకు వస్తారు కదా అని నేను కల్పించుకున్నాను.

“వస్తాను,” అన్నారాయన, కొంచెం గర్వంగానే. “తల వంచుకుని వస్తాను.”

అక్కణ్ణుంచి కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాం. పరాంకుశం గారు నిజానికి చెడ్డవారు కాదు. చెప్పింది ఆసాంతం విన్నారు. సముద్రపు గాలి తగిలే గది వద్దనే మనిషిని తానింతవరకు ఎరగనన్నారు. నూకరత్నం విసుగెత్తి, పైకి మెట్లేవని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి బల్ల మీద చిన్నగా కొట్టారు. అది న్యాయమైన కోరిక అన్నారు. లబ్ధిదారుకు ప్రవేశ సౌకర్యం కల్పించకపోవడం పాలనాపరమైన లోపమని ఒప్పుకుని, పై అంతస్తులు నిర్మించిన వ్యక్తి చేతనే మెట్లు కూడా కట్టించమని అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు.

ఉద్భవ్‌ను పిలిపించారు. పాపం ఆ కుర్రాడు నిజం చెప్పాడు. అది కేవలం చిత్రమనీ, దానిలోకి ఎవరూ వెళ్ళలేరనీ, గోడ వెనకాల ఉప్పుచెమ్మ తప్ప ఏమీ లేదనీ చెప్పాడు. పరాంకుశం గారు జాలిగా చూశారట. “మూడో అంతస్తు లేదని నువ్వు రాసిచ్చావే అనుకో. మరి లేని అంతస్తుకు మేము నీకు బిల్లు ఎలా ఇచ్చినట్టు? నువ్వు ఎలా పుచ్చుకున్నట్టు?” అని అడిగారట. ఉద్భవ్ ఆ మాట నాకు చెబుతూ నల్లకళ్ళద్దాలు ఒక జత కొనుక్కున్నాడు. మర్నాడు మెట్లు వేశాడు. వీధి అరుగు దగ్గర మొదలై మేడ పక్కగోడ మీదుగా మూడో అంతస్తు దాకా మలుపు తిరిగే మెట్లు, మెట్టుమెట్టుకూ పూలకుండీ. అంత చక్కని మెట్లు మా ఊళ్ళో ఏ ఇంటికీ లేవు.

మెట్లు పూర్తికాగానే నూకరత్నం మూలగదికి తాళం పడింది. పొయ్యి, గుండిగలు, కేరేజీ గిన్నెలు తెచ్చి వీధిలో పెట్టారు. అప్పుడు నాకు నిజంగా ఒళ్ళు మండింది. తాళం వేసినవాణ్ణి నానా మాటలూ అన్నాను. అతను వినయంగా తల వంచుకుని విన్నాడు, అదీ ఉద్యోగంలో భాగమే కాబోలు. గిన్నెలన్నీ నా దుకాణం అరుగు మీదికి చేర్చి, అక్కడే పొయ్యి పెట్టుకోమన్నాను. పొయ్యి అంటుకునేలోపే ఆక్రమణల విభాగం బండి వచ్చి ఆగింది. కేటాయించిన వంటగది ఉండగా వీధి అరుగు మీద వండటం నేరమనీ, మళ్ళీ పొయ్యి కనిపిస్తే గిన్నెలతో సహా పట్టుకుపోతామనీ చెప్పారు. రాత్రిళ్ళు మా ఇంట్లో మా ఆవిడ దగ్గర పడుకుని, పగలంతా నూకరత్నం ఆ చల్లారిన పొయ్యి పక్కన కూచునేది. కేరేజీలు ఆగిపోయాయి. రేవు ఆఫీసువాళ్ళు కొత్త హోటలు మాట్లాడుకున్నారని తెలిసిన రోజున ఆవిడ అన్నం ముట్టలేదు.

పురపాలక సంఘంలోనూ పరిస్థితి బాగాలేదు. హోటలు సాంబారు దెబ్బకు సగం మంది సెలవులో ఉన్నారు. విశ్వంభరం గారు స్వయంగా మా వీధికి వచ్చారు. తల వంచుకునే వచ్చారు. మంచి ముహూర్తం చూసి తొందరగా గృహప్రవేశం చేసెయ్యమని నూకరత్నాన్ని బతిమాలారు.

ఆవిడ చల్లారిన పొయ్యి వంక, ఎదుటి గోడమీది నీలం కిటికీ వంక చూసింది. తరవాత, “ఆయ్, అలాగేనండి,” అంది. “మరి పాలు పొంగించి నలుగురికీ అన్నం పెట్టందే కొత్త పొయ్యి మీద వండకూడదు కదండీ. కమిషనరు బాబుగారితో సహా అందరూ భోజనానికి రావాలండి.”

ఈ వార్తకు పరాంకుశం గారు పొంగిపోయారు. కళా కొఠారు ప్రారంభోత్సవం కూడా ఆ రోజునే పెట్టించి, దాతృ సంస్థ ప్రతినిధి ఒకావిడను ఢిల్లీ నుంచి పిలిపించారు. ముహూర్తం కుదిరిన సాయంత్రమే నూకరత్నం ఉద్భవ్‌ను నా దుకాణంలోకి పిలిచింది. ఇన్నాళ్ళూ నా చేతి కూడు తిన్నావు, ఇప్పుడు నాకొక పని చేసిపెట్టాలి అని అడిగింది. ఏం పనో ఇద్దరూ మూల నిలబడి మాట్లాడుకున్నారు. ఉద్భవ్ మొదట నోరు తెరిచాడు, తరవాత నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ముహూర్తం నాడు వీధికి అడ్డంగా షామియానా వేశారు. సన్నాయి వాళ్ళు వచ్చారు. పురోహితుడు వచ్చి గుమ్మమెక్కడని అడిగాడు. విశ్వంభరం గారు తల ఎత్తకుండా వేలు మాత్రం పైకి చూపించారు. పురోహితుడు అనుభవజ్ఞుడు, మంత్రాలకు మెట్లతో పనిలేదని చెప్పి కిందే చాప పరిపించుకున్నాడు.

ముందు ఆవు ప్రవేశించాలి. మా వీధి ఆవునే పసుపు రాసి తీసుకొచ్చారు. అది ఉద్భవ్ వేసిన మెట్ల దగ్గర ఆగి, ఒక పూలకుండీని వాసన చూసి, నాలుకతో ఒకసారి నాకింది. తరవాత చక్కగా వెనక్కి తిరిగి, తాళం వేసిన మూలగది గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడింది. రోజూ నూకరత్నం కుడితి పోసేది అక్కడే. ఎంత లాగినా కదల్లేదు, పైగా తలుపు వంక చూసి అరిచింది. ఆవుకు నిబంధనలు తెలియవని విశ్వంభరం గారు దాతృ సంస్థ ప్రతినిధికి సర్దిచెప్పారు. ప్రవేశించినట్టే నమోదు చెయ్యమని కమిషనరు గారు ఆదేశించారు.

తరవాత పాలు. నీలం కిటికీ లోపల కొత్తగా ఒక పొయ్యి, దాని మీద పాలగిన్నె, గిన్నె అంచు దాటి నురగతో పొంగుతున్న పాలు ఉద్భవ్ ముందురోజే వేసి ఉంచాడు. పురోహితుడు సైగ చెయ్యగానే సన్నాయి అందుకుంది, అందరం చప్పట్లు కొట్టాం. ఆ పొంగిన పాలు ఇవాళ్టికీ కింద పడలేదు.

ఇక భోజనాలు. పురపాలక సంఘం సిబ్బందంతా పొద్దుటి నుంచి కడుపు ఖాళీగా ఉంచుకుని వచ్చారు. బారుగా కూచున్నారు. నడుమ పరాంకుశం గారు, ఆయన కుడిపక్కన ఢిల్లీ ఆవిడ, ఎడమపక్క విశ్వంభరం గారు. ఎదురు వరసలో నేను. నూకరత్నం పట్టుచీర కట్టుకుని, చంకలో పెద్ద గుడ్డచుట్టతో వచ్చింది. ఉద్భవ్ ఒక కొస పట్టుకున్నాడు. బారు ఈ చివర నుంచి ఆ చివర దాకా గుడ్డను పరిచారు.

గుడ్డ మీద ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క అరిటాకు వేసి ఉంది. ఆకులో ముద్దపప్పు, పప్పు మధ్య గుంటలో నెయ్యి, పులిహోర, గుత్తొంకాయ, గుమ్మడికాయ దప్పళం, ఆవకాయ, రెండేసి బూరెలు. అన్నం మీద ఆవిరి కూడా వేశాడు. బొమ్మ అని తెలిసినా నా నోట్లో నీళ్ళూరాయి.

“కొత్త వంటగదిలో వండానండి,” అంది నూకరత్నం చేతులు జోడించి. “ఆ పొయ్యి మీద ఇలాగే ఉడుకుతాయండి. మొహమాటపడకుండా తినండి.”

సన్నాయి ఆగిపోయింది. అందరూ కమిషనరు గారి వంక చూశారు. ఆయన కళ్ళు దివ్యంగా ఉంటాయని మొదట్లోనే చెప్పాను. ముందున్నదేమిటో ఆయనకు స్పష్టంగా కనిపించింది. అది బొమ్మ అని ఒక్కమాట అంటే చాలు. కానీ ఆ మాట వెనకాలే వంటగది, దాని వెనకాలే మూడో అంతస్తు, దాని వెనకాలే అపరాధ రుసుము, బిల్లు, దాతృ సంస్థ డబ్బు అన్నీ వరసగా బొమ్మలైపోతాయి. ఆయన నుదుట చెమట నాకు ఎదురు వరసలోంచి కనపడింది. ఇప్పుడైనా అంటారేమోనని నేను నిజంగా ఆశపడ్డాను.

పరాంకుశం గారు చెయ్యి కడుక్కుని ఆకు మీదికి వంగారు. వేళ్ళతో గుడ్డ మీద కలిపారు. ముద్ద చేశారు. నోట్లో పెట్టుకుని నమిలి మింగారు.

“పప్పులో ఉప్పు కాస్త తగ్గింది,” అన్నారు.

బారు బారంతా ఊపిరి పీల్చుకుంది. ఉప్పు కొఠారులో ఉప్పు తగ్గడమేమిటని విశ్వంభరం గారు చమత్కరించారు. అందరూ నవ్వి, ముద్దలు కలిపారు. ఢిల్లీ ఆవిడ దక్షిణాది భోజనం బరువుగా ఉంటుందని విన్నాననీ, ఇది మాత్రం పొట్టకు చాలా తేలిగ్గా ఉందనీ మెచ్చుకుంది. విశ్వంభరం గారు మరో బూరె అడిగితే ఉద్భవ్ కుంచె తెచ్చి వడ్డించాడు. ఒకాయన త్రేన్చాడు కూడా. భోజనాలయ్యాక వంటగది సంతృప్తికరంగా పనిచేస్తున్నదని అందరూ సంతకాలు పెట్టారు. నూకరత్నం మాత్రం ఆ గుడ్డను మళ్ళీ చుట్టి చంకలో పెట్టుకుంది. ఇంత చేసినా వాళ్ళు కదల్లేదని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు మధ్యాహ్నం నుంచి పురపాలక సంఘానికి కేరేజీలు మళ్ళీ వెళ్ళడం మొదలైంది. వేళ తప్పలేదు. కిందిగిన్నెలో గుండ్రంగా కత్తిరించిన అట్టమీద అన్నం, పై గిన్నెల్లో పప్పు, కూర, పులుసు. ఆదివారానికి ముందురోజు పాయసం కూడా. ఉద్భవ్ ఏ రోజు కూర ఆ రోజు కొత్తగా వేసేవాడు. సిబ్బంది గిన్నెలు విప్పుకుని, చేతులు కడుక్కుని, తిని, మళ్ళీ మూతలు పెట్టేవారు. హోటలుకు వెళదామంటే వీల్లేదు. వంటగది బ్రహ్మాండమని సంతకం చేసిన అధికారి హోటల్లో కనపడితే, కనపడినట్టు ఎవరైనా చూస్తే ఏమవుతుంది? సొరుగుల్లో అరటిపళ్ళు దాచుకున్నారని తరవాత తెలిసింది. మధ్యాహ్నం పూట ఆ ఆఫీసులో వినపడేది కడుపుల చప్పుడేనని అటెండరు చెప్పాడు.

ఒకరోజు కమిషనరు గారు నూకరత్నానికి కబురు పెట్టారు. తోడుగా నేనూ వెళ్ళాను. పరాంకుశం గారి చొక్కా భుజాల మీంచి జారుతోంది. తలుపు వేయించి, బల్లమీది గాజుబంతిని తిప్పుతూ మొదలుపెట్టారు.

“నూకరత్నం, నీ వంటకు వంక లేదు,” అన్నారు. “రంగు, రుచి అన్నీ ఉన్నాయి. కానీ ఇంకాస్త బరువుగా ఉంటే బాగుండునని సిబ్బంది అభిప్రాయం.”

“బరువుగా వండాలంటే కింద వండాలండి, బాబుగారూ,” అంది నూకరత్నం. “పైన అంత బరువు ఆగదండి.”

పరాంకుశం గారి మొహంలోకి మెల్లగా కళ వచ్చింది. అబద్ధం ఆడక్కర్లేకుండా, నిజం చెప్పక్కర్లేకుండా, అన్నం తినే దారి దొరికింది. విశ్వంభరం గారిని పిలిచి ఉత్తర్వు చెప్పి రాయించారు. “మూడో అంతస్తు వంటగదిపై పడుచున్న అదనపు భారమును తగ్గించు నిమిత్తము, కింది అంతస్తులోని మూలగదిని సదరు వంటగదికి అనుబంధ పాకశాలగా శాశ్వత ప్రాతిపదికన శ్రీమతి నూకరత్నం గారికి అప్పగించడమైనది.” అద్దె అక్కర్లేదు, ఎందుకంటే అది వేరే గది కాదు, పైగదిలో భాగం. శిల్పుల పనిగదిని నాలుగో అంతస్తుకు మార్చారు. శిల్పులు ఇంతవరకు ఎవరూ రాలేదు కాబట్టి వాళ్ళకూ ఇబ్బంది లేదు.

ఆ సాయంత్రమే తాళం తీశారు. నూకరత్నం గుమ్మానికి పసుపు రాసి, ఎవర్నీ పిలవకుండా, నిజం పొయ్యి మీద నిజం పాలు పొంగించింది. ఆవు దానంతట అదే వచ్చి నిలబడింది. మర్నాడు పొద్దున్న పోపు పొగ వీధి దాటి వచ్చి నా దుకాణం అద్దాలన్నీ మసకబార్చింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, మధ్యాహ్నం దాకా వాటిని తుడవలేదు.

ఇంతటితో ఆగితే సరిపోయేదే. కానీ రికార్డుల ప్రకారం నూకరత్నానికి ఇప్పుడు పైన ఒక ఇల్లు కూడా ఉంది. ఖాళీగా ఉంచుకోవడం ఎందుకని, నీలం కిటికీ పక్కన ‘అద్దెకు ఇవ్వబడును’ అనే పలక ఒకటి ఉద్భవ్ చేత వేయించింది. మళ్ళీ ఏడాది కెమెరా కారు వచ్చినప్పుడు యంత్రం ఆ పలకను చదివింది. సరిగ్గా అప్పుడే ముఖచిత్ర సర్వే విభాగం సొంత కార్యాలయానికి చోటు వెతుక్కుంటోంది. గాలి, వెలుతురు, వసారా ఉన్న భవనం, పైగా పురపాలక సంఘానికి దగ్గర. ఒప్పందం రాసుకుని, అధికారీ, సిబ్బందీ మొత్తం ఆ గదిలో చేరినట్టు సంతకాలు పెట్టారు. అద్దె నెలనెలా ఠంచనుగా వస్తుంది. నూకరత్నం ఆ నోట్లు వెలుతురుకు పెట్టి చూసుకుని మరీ లోపల పెట్టుకుంటుంది.

ఆ కార్యాలయంలో పని ఎలా సాగుతోందని దుకాణానికి వచ్చినవాళ్ళు నన్ను అడుగుతుంటారు. పూర్వం ఎలా సాగేదో ఇప్పుడూ అలాగే సాగుతోంది, ఫిర్యాదులేమీ లేవు. మధ్యాహ్నం కాగానే ఊళ్ళో అన్ని ఆఫీసులకూ కేరేజీలు కింది పొయ్యి మీంచి వెళతాయి. ఆ ఒక్క విభాగానికి మాత్రం నూకరత్నం పై వంటగదిలోంచి పంపుతుంది.